నాడెచూపు

తెగిన పడుగుపోగును గంగులప్ప ముఖం ఎడమకు తిప్పి, కళ్ల కుడికొసల నుంచి చూస్తూ ముడివేశాడు. ముఖం తిన్నగా పెట్టి చూస్తే పోగులన్నీ వణికేవి. ఇలా తిప్పితే నిలిచేవి.

"మగ్గం ఈడుంటే మొగం పుత్తూరు పక్క పెట్టినావే అప్పా!" అన్నాడు పక్క మగ్గం నడిపే వరదయ్య.

గంగులప్ప నవ్వాడు. పదో ఏటి నుంచి వింటున్న మాటే. మగ్గంలో పోగు మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడెను చూసి చూసి ఆయన కళ్లు ఆగడం మరిచిపోయాయని నగరి నేతవీధి అంతా నమ్మింది. నాడెచూపు అని పేరు కూడా పెట్టింది.

మధ్యాహ్నం భార్య చౌడేశ్వరితో తిరుపతి బస్సెక్కాడు. కళ్లు అదరడం కొత్తగా వచ్చిందైతే తలకు స్కాను తీయాలనీ, ఎప్పటి నుంచి ఉందో తేల్చడానికి పాత ఫోటో ఉంటే తెమ్మనీ కంటి డాక్టరమ్మ పోయిన వారం చెప్పింది. ఇంట్లో ఉన్నది పెళ్లిపటం ఒక్కటే. చౌడేశ్వరి దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఇరవై ఎనిమిదేండ్లుగా గోడకుండాది. నన్ను సూడలేక మొగం తిప్పుకున్నావు. ఇప్పుడు డాక్టరమ్మకు గూడా సూపించు."

ఎందుకు తిప్పాడో ఆయనకే తెలియదు. స్కానుకన్నా ఆ పటమంటేనే ఆయనకు భయం.

డాక్టరమ్మ వేలు ఎడమకు జరిపితే కళ్లు గబగబా కొట్టుకున్నాయి. కుడికి జరిపితే నిలిచాయి. ఆమె పటాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"పుట్టుకతో వచ్చిందే. మగ్గం వల్ల కాదు, స్కానూ అక్కర్లేదు. ముఖం ఇలా తిప్పితేనే ఈయనకు ఎదురుగా ఉన్నది కదలకుండా కనిపిస్తుంది. చూడమ్మా, ముఖం అటున్నా చూపు కెమెరా మీదే ఉంది."

చౌడేశ్వరి పటం మీదికి వంగింది. "అయితే నేను ఈయనకు కుడిపక్క కూసున్నందుకా, నన్ను సూడనట్టు పడింది?"

తిరుగు బస్సులో ఆమె పుత్తూరు రాగానే లేచింది.

"దిగు."

"ఈడెందుకు?"

"దిగయ్యా, సెప్తా."

ఫోటో స్టూడియోలో ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తాను ఎడమపక్క చేరింది. "ఇప్పుడు తిప్పు, ఎంత తిప్పుతావో!"

"సూటిగా చూడన్నా," అన్నాడు ఫోటో తీసే అతను.

"ఆయన సూసేది సూటిగానే. నువ్వు తియ్ నాయనా."

శుక్రవారం వచ్చి తీసుకోమన్నారు. శుక్రవారానికి ముందు ఒక గురువారం ఉంటుందని ఎవరు అనుకుంటారు? ఆ పొద్దున గంగులప్ప మగ్గం ఆపి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మళ్లీ లేవలేదు.

పుత్తూరు స్టూడియోలో తీగకు వేలాడే కవర్లలో ఒకదాని మీద పెన్సిలుతో రాసి ఉంది: నగరి గంగులప్ప, రెండు కాపీలు.