పండరి ఊ అంటేనే

మగ్గం మీద పండరి నూలు చుట్టిన నాడె విసిరి, నేత బిగిసేలా పలక గుంజి, మళ్లీ విసరబోతుంటే పక్కనున్న ఫోను టింగుమంది. చూశాడు. జీవన్. మాట్లాడి పంపిన మెసేజీ. పొద్దున ఏడు కూడా కాలేదు. ఏ సముద్రం ఒడ్డున నిలబడ్డాడో, ఏం తిన్నాడో చెప్పడానికే అయ్యుంటుంది. వినలేదు. ఫోను బోర్లా పెట్టి మళ్లీ నేతలో పడ్డాడు.

ఇదొక అలవాటైంది పండరికి. జీవన్ పొద్దున పంపిందాన్ని సాయంత్రం దాకా తెరవడు. తెరిస్తే చూసినట్టు అక్కడ వాడికి తెలిసిపోతుంది. తన కబురు కోసమే పండరన్న కాచుక్కూర్చున్నాడనుకుంటాడు. కొత్తవాడలో ఈయనకు వేరే పనేమీ లేదనుకుంటాడు. అట్లా అనుకోనిస్తాడా పండరి!

అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. నడుము దాకా మగ్గం గుంటలో ఉండి ఉండి వీపు వంగింది, భుజాలు మాత్రం బలిశాయి. పలక పట్టుకునే అరచేయి కాయ కాసింది. మీసం మీద ఎప్పుడూ నూలు దుమ్మే. ఆరడుగుల జంపఖానాలు నేసే ఈ మగ్గం మీద తొమ్మిదేళ్లు కుడిపక్క అతను, ఎడమపక్క జీవన్ కూర్చున్నారు. ఇద్దరు నేసే మగ్గానికి ఒక కట్టుబాటు ఉంది. పలకను ఇద్దరూ ఒక్కసారే గుంజాలి, లేకుంటే నేత వంకరపోతుంది. అందుకని కుడిపక్కవాడు "ఊ" అనాలి, అప్పుడే ఎడమపక్కవాడు గుంజాలి. పద్దెనిమిదేళ్ల జీవన్‌కు పని నేర్పింది పండరే. రోజుకు వేయిసార్లు ఇతను ఊ అన్నాడు, వేయిసార్లు వాడు గుంజాడు. అది వాడికి ఎంత పట్టుకుందంటే, పండగకు చొక్కా కొనాలన్నా దుకాణంలో పండరి ముఖం చూసేవాడు.

అలాంటివాడు మగ్గం మీద కూర్చునే డిగ్రీ పాసయ్యాడు. ఎవరో చెబితే ఆస్ట్రేలియా వాళ్ల వర్క్ హాలిడే వీసాకు పెట్టుకున్నాడు. చదువుకున్నవాళ్లకు, ముప్పై దాటనివాళ్లకు లాటరీ తీసి ఇస్తారట. ఏడాదిపాటు తిరగొచ్చు, దొరికిన పని చేసుకోవచ్చు. వాడికి తగిలింది. పండరికి వయసూ దాటింది, ఇంటర్లో ఇంగ్లీషూ తప్పింది. నిరుడు మాఘంలో వాడు విమానమెక్కాడు. మగ్గంలో ఎడమ సగం ఖాళీ అయింది. అప్పటినుంచి పండరి ఒక్కడు నేసుకునే మూడడుగుల పట్టీలకు దిగాడు.

కళ్లు కుట్టాయంటే కుట్టాయి మరి, దాచేదేముంది. ద్రాక్షతోటలో టోపీ పెట్టుకుని జీవన్ నిలబడ్డ ఫోటోను వాళ్లక్క విజయశ్రీ వాడకట్టంతా తిరిగి చూపించింది. తల్లీదండ్రీ లేని తమ్ముణ్ని పెంచిన మనిషి, ఆమె మురిపెం ఆమెది. కానీ పండరి పెళ్లాం నవనీతకు ఏమైంది? ఆ ఫోటో తన ఫోనులో దాచుకుంది. వీసా ఇంకో ఏడాది పొడిగించారటనీ, తెలివంటే వాడిదనీ అన్నం వడ్డిస్తూ మెచ్చుకుంది. ఆ పూట పండరి సగం అన్నం కంచంలోనే వదిలి లేచాడు. నేర్పినవాడు గుంటలో, నేర్చుకున్నవాడు ఆకాశంలో!

ఒంటిగంటకు నవనీత అన్నం, పచ్చిపులుసు తెచ్చింది. నాలుగు రోజులుగా తమ్ముడు సరిగ్గా మాట్లాడటం లేదని విజయశ్రీ బెంగపడుతోందట, నీకేమైనా ఫోన్ చేశాడా అని అడిగింది. లేదన్నాడు పండరి. ఆమె పోయాక, గిన్నె కడిగి, చేయి తుడుచుకుని, సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే విన్నాడు.

"అన్నా, అక్కకు చెప్పకు. వీసా ఫిబ్రవరిలనే అయిపోయింది. తోటల పని చేసినట్టు కాయితం ఇస్తే ఇంకో ఏడాది ఇస్తరు. ఇస్తనన్న మేస్త్రి ఇయ్యలే. అప్పటి సంది దొంగ లెక్క దాసుకొని ఉంటాన. నాలుగు దినాల సంది కడుపుల కుడిపక్క బాగ నొస్తాంది. దవాఖానకు పోతే వీసా అడుగుతరని భయమైతాంది. దొరికితే లోపలేసి పంపిస్తరట, మల్ల మూడేండ్లు రానియ్యరట. పోవాల్నా, ఓర్సుకోవాల్నా? నువ్వు ఊ అంటే పోత."

జాలిపడాల్సిన మాట. పండరికి ముందు కలిగింది సంతోషం. వాడకట్టంతా చూసి మురిసిన ఫోటో నిరుటిదన్నమాట! వాడు ఆకాశంలో లేడు, ఏదో గదిలో తలుపేసుకుని నక్కి ఉన్నాడు. ఆ మాటను రెండోసారి విన్నాడు, మూడోసారీ విన్నాడు. తర్వాత ఆలోచన వచ్చింది. దవాఖానకు పోతే దొరుకుతాడు. దొరికితే పంపిస్తారు. పంపిస్తే ఎక్కడికొస్తాడు? ఇక్కడికే, ఈ ఎడమపక్కకే. అందరూ చూస్తుండగా మళ్లీ గుంటలో కాళ్లు దింపుతాడు.

"ఊ. ఇప్పుడే పో" అని పంపాడు.

క్షణంలో జవాబొచ్చింది. "పోతాన అన్నా."

ఆ మధ్యాహ్నం పండరి చేయి తేలిగ్గా ఆడింది. దసరాకల్లా మళ్లీ ఇద్దరూ నేసే ఆరడుగుల జంపఖానాకు పడుగు పోయొచ్చనుకున్నాడు. వాడు సిగ్గుతో తల వంచుకుంటే ఏమీ అడగకుండా నాడె చేతికివ్వాలనుకున్నాడు. అట్లా అనుకున్నాక కడుపులో మంట తగ్గి, వాడి మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది. నొప్పి ఎట్లా ఉందో అడుగుదామని రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఐదు దాటాక తెలియని నంబరు మోగింది. హరికృష్ణ అట, పరకాల పిల్లవాడు, జీవన్‌తో ఒకే గదిలో ఉంటాడట. పండరన్నేనా అని రెండుసార్లు అడిగాడు. దవాఖానకు తీసుకుపోతుంటే కారులోనే జీవన్‌కు సోయి తప్పుతూ వచ్చిందట. లోపల పేగు పగిలి ఒళ్లంతా విషం పాకిందట. డాక్టర్లు చేసిందంతా చేశారట, దక్కలేదట.

"పొద్దుగాల తెస్తే బతుకుతుండె అన్నరన్నా. నేను అప్పుడే పోదామన్న. జీవనేమో 'మా పండరన్నను అడిగిన, ఊ అననీ పోదాం' అనుకుంట ఫోన్ చేతుల పట్టుకొని పండుకున్నడు."

పండరి నాడె పక్కన పెట్టాడు, అటునుంచి హరికృష్ణ ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"వీసా ముచ్చటే అడుగలేదన్నా. పేరేంది, యాడ నొస్తాంది, గంతే అడిగిండ్రు."

అక్కకు మీరే చెప్పాలన్నా అని హరికృష్ణ పెట్టేశాడు. ఆరు గంటలు. ఒక్క ఊ కోసం వాడు ఆరు గంటలు నొప్పి పట్టుకుని ఆగాడు. ఆ ఊ ఇతని దగ్గర బోర్లా పడి ఉంది. కుళ్లుబోతుతనంతో చేతులారా చంపుకున్నాననుకున్నాడు పండరి. కాదని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

విజయశ్రీ ఇల్లు వెనక సందులోనే. వెళ్లాలి. మగ్గం పట్టుకుని ఖాళీగా ఉన్న ఎడమపక్కకు జరిగి, అటునుంచి గుంటలోంచి పైకొచ్చాడు. అక్కడ గోడ గూట్లో అద్దం ముక్క, దాని పక్కన నల్ల దువ్వెన ఉన్నాయి. పని దిగాక జీవన్ తల దులుపుకునేది అక్కడే. దువ్వెన పళ్ల సందుల్లో తెల్లటి నూలు పీచు, దాంట్లో చిక్కుకుని రెండు వెంట్రుకలు ఇంకా అట్లాగే ఉన్నాయి.