చాక్లెట్ కరిగించిన గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెనని చెబితే మీరు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. మీ వంటింట్లో నాలాంటివి బోలెడు. కానీ మీ గిన్నెల అంచు మీద ఎన్ని పేర్లున్నాయో ఒకసారి చూసుకోండి. నా అంచు మీద మూడున్నాయి. అవి మూడూ నన్ను వద్దనుకున్నవాళ్ళ పేర్లే.

రేకును గుండ్రంగా కోసి, అచ్చు మీద పెట్టి నొక్కితే పుట్టినదాన్ని నేను. ఆ వేళ అచ్చు వేసినతను ఏ ధ్యాసలో ఉన్నాడో, నా అంచు ఉండవలసినదానికన్నా బాగా వెడల్పుగా వచ్చింది. పళ్ళెం అందామంటే లోతెక్కువ, గిన్నె అందామంటే అంచెక్కువ. ఏ మూతా నాకు కుదరదు. రాజమండ్రి కొట్లో అందరూ నన్ను ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టేవారు. చివరికి కొన్నావిడ కూడా తన ఇంటికోసం కొనలేదు. పెళ్ళిలో చదివించడానికి కొన్నది. తమకు అక్కర్లేనిదాన్ని మనుషులు ఎదుటివాళ్ళకు ఎంత ఆప్యాయంగా ఇస్తారో నాకు అప్పుడే తెలిసింది.

కొట్లోనే గుర్రుమనే మిషనుతో నా అంచు మీద పెళ్ళికూతురు పేరు చెక్కారు. ఆ అమ్మాయి నన్ను అట్టపెట్టెలోంచి పూర్తిగా బయటికి తీయనైనా లేదు. ఎవరి గృహప్రవేశానికో పాత పేరు పక్కనే కొత్త పేరు చెక్కించి ఇచ్చేసింది. ఆ కొత్త పేరావిడ మూడో పేరు చెక్కించి ఇంకొకరికి. అలా తిరిగి తిరిగి, పిఠాపురంలో శేషారత్నం గారింటికి వాయనంతో పాటు చేరాను. ఆవిడ నన్ను దీపం దగ్గరికి తీసుకెళ్ళి మూడు పేర్లూ పైకి చదివారు.

"పాపం, దీన్నెవరూ ఉంచుకోలేదే!" అన్నారు. ఉంచుకున్నారు.

ఆ ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా అరిసెల పాకం చూడటానికి శేషారత్నం గారికి కబురొచ్చేది. ఆవిడ నన్ను వెంట తీసుకెళ్ళి, నీళ్ళు పోసి ఎడమ పక్కన పెట్టుకునేవారు. పాకం చుక్క నాలో వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి, "ఇంకొక్క పొంగు" అనో "దించండి" అనో చెప్పేవారు. ఆవిడ దించమనేదాకా గరిటె పట్టుకున్నవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి కూడా ఆలోచించేవారు. రుచి మాత్రం ఏనాడూ చూడలేదు. దేవుడికి పెట్టకుండా నోట పెడితే ఎంగిలి. ఆ వేళ్ళకు తెలిసినంత మన నాలుకలకు తెలియదు లెండి.

తరవాత ఆవిడ కాకినాడలో కొడుకు కొన్న ఫ్లాటుకు వచ్చేశారు. నేనూ వచ్చాను. ఇక్కడ పెళ్ళిళ్ళకు స్వీట్లు డబ్బాల్లో వస్తాయి. పాకం చూడమని కబురు పెట్టేవాళ్ళు లేరు. కోడలు మృదుల మంచిదే. వంటగది అద్దంలా ఉంచుతుంది, డబ్బాల మూతలు సరిగ్గా పడ్డాయో లేదో రెండోసారి కూడా చూస్తుంది. ఆమె పెట్టుకున్న క్రమంలో అత్తగారి చేతికి పని దొరకలేదు. మనవరాలు హరిణికి శేషారత్నం గారు సున్నుండ అందిస్తే, "కడుపు నిండిపోయింది నానమ్మా" అనేది, ఎంతో మర్యాదగా. ఆవిడ ఆ సున్నుండను తిరిగి డబ్బాలో పెట్టేటప్పుడు పై అరలోంచి నేను చూసేదాన్ని. తన చేతి ముక్క ఒక్కటి ఆ పిల్ల అడిగి తింటే చాలు, అంతకుమించి ఆవిడకు ఈ ఊళ్ళో కావలసిందేమీ లేదు.

ఒకరోజు హరిణి బడి నుంచి వస్తూనే సంచీ సోఫాలో పడేసింది.

"అమ్మా, మా క్లాసు శరణ్యవాళ్ళింట్లో చాక్లెట్లు ఇంట్లోనే చేశారంట. నా పుట్టినరోజుకి మనమూ చేద్దాం. కొన్నవి వద్దు."

మృదుల జవాబు చెప్పేలోపే హాల్లోంచి వినిపించింది.

"నేను చేస్తానే."

"అత్తయ్యా, అది మన బెల్లంలా కాదండీ. కొంచెం పేచీ పెడుతుంది."

"ఎన్ని మణుగుల బెల్లం కరిగించానో నీకేం తెలుసే! వేడి పెడితే కరగనిదంటూ ఉందా?"

"నిజంగా చేస్తావా నానమ్మా?" అంది హరిణి. శేషారత్నం గారు నన్ను పై అరలోంచి దింపారు.

మృదుల తీపి తక్కువుండే నల్లటి చాక్లెట్ దిమ్మ తెచ్చింది. మర్నాడు ఆమె బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్ళగానే అత్తగారు అందులో ఒక పెద్ద ముక్క నాలో వేసి, నన్ను నేరుగా పొయ్యి మీద పెట్టి మంట పెంచారు. బెల్లానికి అలవాటైన చెయ్యి. చాక్లెట్ సంగతి వేరు. అడుగున ఉన్నది కరుగుతూనే మాడిపోతోంది, పైన ఉన్నది దిమ్మలా కూర్చుని చోద్యం చూస్తోంది. అడుగున ఉన్న నాకు కాలుతోందని చెప్పే నోరు లేదు.

"అత్తయ్యా, ఏదో మాడుతోంది!" మెట్ల మీది నుంచే అరిచింది మృదుల.

"మాడట్లేదే, వేగుతోంది."

మృదుల వచ్చి నాలోకి తొంగి చూసింది. బట్టలు కుర్చీలో పెట్టి, నన్ను పీచుతో రుద్ది రుద్ది కడిగింది. ఆనక చెప్పుకొచ్చింది: కింద ఇంకో గిన్నెలో కాసిని నీళ్ళు పోసి మరిగించాలి, పైన నన్ను పెట్టాలి, నా అడుగు ఆ నీళ్ళకు తగలకూడదు. ఆవిరి వేడి చాలు. ముక్కలు ముప్పావు వంతు కరగగానే పొయ్యి ఆపేసి కలుపుతూ ఉంటే, మిగతావి ఆ వేడికే కరుగుతాయి. నా అంచు కింది గిన్నె మీద చక్కగా ఆనుకుంది. పుట్టాక నాకు సరిగ్గా కుదిరిన చోటు అదే.

"పొయ్యికి భయపడుతూ ఇదేం వంటే!" అన్నారు శేషారత్నం గారు. అన్నారే గాని, శనివారం మధ్యాహ్నం అచ్చం అలాగే చేశారు. చాక్లెట్ పట్టు జారినట్టు నునుపుగా కరిగింది. మృదుల మొహం కూడా విచ్చుకుంది. ఆ క్షణంలో శేషారత్నం గారి చెయ్యి దానంతటదే ఎడమ పక్కనున్న నీళ్ళ గ్లాసులో మునిగి, తడి వేళ్ళతో నాలోకి వచ్చింది.

"అత్తయ్యా! తడి!"

"తడి కాదే, పాకం చూస్తున్నా."

చూస్తుండగానే ఆ నునుపంతా పోయింది. చాక్లెట్ బిరుసెక్కి, తడి ఇసుకలా ముద్దలు కట్టి గరిటెకు అతుక్కుంది. పాకానికి నీళ్ళు పరీక్ష, చాక్లెట్‌కు నీళ్ళు పగ. ఆవిడ తన వేళ్ళకేసి చూసుకున్నారు.

"ఇంక నా చెయ్యి పనికిరాదులే మృదులా. పిల్లకి నువ్వే చేసిపెట్టు" అని గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు గట్టిగా వేసినా బాగుండేది. నెమ్మదిగా వేశారు.

మృదుల ఆ ముద్దల మీద గ్లాసుడు వేడి పాలు పోసి కలిపింది. చుక్క నీటికి అలిగిన చాక్లెట్ గ్లాసుడు పాలకు మెత్తబడిపోయింది. ఈ అలకలు నేను ఇళ్ళల్లో మనుషుల దగ్గర చూసినవే. గదిలో ఉన్నావిడ తప్ప అందరూ తాగారు. "బాగుందమ్మా, కానీ ఇది చాక్లెట్ కాదుగా" అంది హరిణి, మూతి తుడుచుకుంటూ.

దిమ్మలో చివరి ముక్క మిగిలింది. ఆదివారం పొద్దున్న మృదుల ఒక్కతే చేసుకుంటే చిటికెలో అయిపోయేది. ఆమె నన్ను పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది, నీళ్ళ గ్లాసు తీసి ఫ్రిజ్ మీద పెట్టింది, ముక్కలు ముప్పావు వంతు కరిగాక పొయ్యి ఆపింది. ఆపి, గది వైపు తిరిగి పిలిచింది.

"అత్తయ్యా, ఒకసారి రారూ. ఇది సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలియట్లేదు."

పచ్చి అబద్ధం. ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగారు. తరవాత కొంగు దోపుకున్నారు. చెయ్యి కుళాయి వైపు వెళ్ళింది. కుళాయికి అడ్డంగా మృదుల నిలబడి ఉంది.

"వేలు పెట్టకుండా ఎలా చెప్పనే?"

"చెంచాతో కింది పెదవికి అంటించుకుని చూడాలండీ. వేడిగా తోస్తే ఇంకా చల్లారాలి. చల్లగా తోస్తే మళ్ళీ ఆవిరి చూపించాలి. ఏమీ తెలియకపోతే అదీ లెక్క."

"దేవుడికి పెట్టకుండా నోట్లోనా! ఎంగిలి కాదూ?"

"నోట్లో కాదండీ, పెదవికి."

"పెదవి నోటిది కాకపోతే ఎవరిదే?"

అత్తాకోడళ్ళు ఇద్దరూ చెరో పక్కనుంచి నాలోకి చూస్తూ నిలబడ్డారు. నేను చల్లారిపోతున్నాను.

"పసిపిల్లలకి ఎంగిలేంటి! హరిణిని పిలువు" అన్నారు శేషారత్నం గారు.

"నేను పసిపిల్లనా? ఇవాళ్టితో నాకు పదేళ్ళు!" అంటూ వచ్చింది హరిణి.

"సాయంత్రం కేకు కోశాక పెద్దదానివవుదువు గాని, ఇప్పటికి పసిదానివే. కళ్ళు మూసుకో."

చెంచా వెనక భాగంతో పిల్ల పెదవికి అంటించారు.

"వేడిగా ఉందా?"

"ఊఁ."

చెంచా కడిగే పని లేకుండా మృదుల ఇంకో పొడి చెంచా అందించింది. శేషారత్నం గారు నన్ను కింది గిన్నె మీది నుంచి దింపి, ఒళ్ళో పెట్టుకుని కలపసాగారు. తొందర లేదు, ఒకే వరస. పిఠాపురంలో నా పక్కన గరిటె తిరిగిన తీరే.

"ఇప్పుడో?"

"ఇంకా కొంచెం ఉంది."

మళ్ళీ కలిపారు. మళ్ళీ పొడి చెంచా.

"ఇప్పుడు చెప్పు."

హరిణి కళ్ళు మూసుకునే ఆలోచించింది.

"ఏమీ తెలియట్లేదు నానమ్మా. అసలు పెట్టావా?"

"అదీ! దించు!" అన్నారు ఆవిడ గట్టిగా.

"ఎప్పుడో దించేశాం కదండీ" అంది మృదుల నవ్వు ఆపుకుంటూ.

వేయించిన జీడిపప్పు మీద చెంచాడు చెంచాడు పోసి, కాగితం మీద ఆరబెట్టారు. మధ్యాహ్నానికి అవి గట్టిపడి, మెరుస్తూ, విరిస్తే టప్పున విరిగాయి. మొదటి ముక్కలు దేవుడి ముందుకు వెళ్ళాయి. నేను తోమకుండానే సింకు పక్కన ఉన్నాను, ఒళ్ళంతా గోధుమరంగు పూతతో. అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది.

దేవుడికి పెట్టడం అయింది గనక శేషారత్నం గారు ఒక ముక్క తీసుకుని కొరికారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చాక్లెట్ నోట పెట్టడం అదే మొదలు.

"అయ్యబాబోయ్, ఇంత చేదా! దీనికోసమా నన్నిన్ని తిప్పలు పెట్టారు?"

హరిణి పడీపడీ నవ్వింది. "నీకొద్దా? అయితే నాకిచ్చెయ్!" అంటూ ఆవిడ వేళ్ళ మధ్యనున్న కొరికిన ముక్కను లాక్కుని నోట్లో వేసుకుంది.

"ఎంగిలే!" అన్నారు శేషారత్నం గారు. ఆ మాట బయటికి వచ్చేసరికి ముక్క పిల్ల బుగ్గలో ఉంది.

ఆవిడ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. మృదుల చటుక్కున నా వైపు తిరిగి, అంత అవసరం లేకపోయినా నన్ను తోమడానికి పీచు వెతకడం మొదలుపెట్టింది.

"ఇంకోటి ఇవ్వు నానమ్మా."

పళ్ళెం పిల్ల ముందే ఉంది. నిండా ముక్కలున్నాయి. శేషారత్నం గారు అందులోంచి ఒకటి ఏరి, కొసన కొంచెం కొరికి, మిగతాది మనవరాలి నోటికి అందించారు. చేదు, చేదు అంటూనే.