ఇంజను తాగిన నీళ్లు

అప్పలసూరి కారు కింద బోర్లా పడుకుని, నిన్న సాయంత్రం తాను పరిచిన బూడిదను పరీక్షగా చూస్తున్నాడు. పొయ్యిలోంచి తెచ్చి, జల్లెడ పట్టి, రేడియేటరు కింద నుంచి వెనక చక్రాల దాకా పలచగా పరిచిన బూడిద అది. ఒక్క చుక్క కారినా చిన్న గుంట పడి, నల్లగా ముద్ద కట్టి ఉండాలి. ఎక్కడా లేదు. పిల్లి ఒకటి అడ్డంగా నడిచిపోయిన అడుగులు తప్ప బూడిద పరిచినది పరిచినట్టే ఉంది.

బయటికి పాకి వచ్చి, బానెట్టు ఎత్తి, రేడియేటరు మూత తిప్పాడు. అంచుదాకా పోసిన నీళ్లు ఇప్పుడు వేలికి అందలేదు.

కారకుండా నీళ్లు ఎక్కడికి పోయినట్టు?

ఆ ప్రశ్నకు కారు యజమాని నరసింగరావు నిన్ననే జవాబు చెప్పేశాడు. కారు కొండ ఎక్కే ఘాటీ దారి మొదట్లోనే మరిగి ఆగిపోయింది. గోగునార బేరానికి వచ్చిన ఒడియా షావుకార్లను వేరే బండి ఎక్కించాల్సి వచ్చింది. తిరిగి సాలూరు చేరాక, టీకొట్టు ముందు, లారీలవాళ్లందరూ వింటుండగా అన్నాడు.

"నీళ్లన్నీ నువ్వే తాగేస్తన్నావేటిరా సూరీ?"

అందరూ నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది.

"నీళ్లు సూడని డ్రైవరు నాకెందుకు? రేపు పొద్దుగూకే లోపల ఏటో తేల్చు. లేపోతే తాళం ఇచ్చీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సాలూరులో డ్రైవరును తాగుబోతు అంటే తల వంచుకుని ఊరుకుంటాడు. నీళ్లు చూడనివాడు అన్న పేరు మాత్రం ఒకసారి అంటుకుంటే, ఘాటీ ఎక్కే ఏ బండి యజమానీ స్టీరింగు చేతికివ్వడు.

అప్పలసూరి బతుకంతా నీళ్లు చూడడంతోనే గడిచింది. మీసం రాకముందే లారీ క్లీనరుగా చేరినప్పుడు అతని పని, మలుపు మలుపునా దిగి వాగులోంచి డబ్బాతో నీళ్లు మోయడమే. ఒకసారి మూత తొందరపడి తిప్పితే ఆవిరి ఎగజిమ్మి కుడి మోచేయి నుంచి మణికట్టు దాకా కాలింది. అక్కడ ఇప్పటికీ వెంట్రుక మొలవదు. చర్మం అరటి దూటలా నున్నగా ఉంటుంది. డ్రైవరయ్యాక కూడా పళ్లు తోముకునే ముందు రేడియేటరులో వేలు పెట్టి చూసేవాడు. "ఇంట్లో కుండ ఎండినా నీకు అగుపడదు. బండికి దాహమేస్తే నిద్దట్లో తెలుస్తాది," అని భార్య గున్నమ్మ దెప్పేది. ఆమె పోయి కొన్నేళ్లయింది. నిన్నటి మాట వినకుండా పోయింది. అదొక్కటే అతనికి ఊరట.

మెకానిక్కు పోతురాజు పనిముట్ల సంచితో నరసింగరావు పెరట్లోకి వచ్చి, కారు కిందికి వంగి చూశాడు.

"ఏటి మావా, కారుకి ముగ్గెట్టినావేటి?"

"నవ్వుదువు గాని, ముందు సూడు. సుక్క కారలేదు. నీళ్లు లేవు."

రబ్బరు గొట్టాలు నొక్కి చూశారు. పంపు కింద తడిలేదు. నీళ్లు నింపి, మూత తీసే ఉంచి, అప్పలసూరి ఇంజను స్టార్టు చేశాడు. సైలెన్సరు నుంచి ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు తెల్లటి ఆవిరి వచ్చింది; ఎంతకీ ఆగలేదు. రేడియేటరులో నీళ్లు ఇంకా గోరువెచ్చన కాకముందే బుడగలు లేవసాగాయి. పోతురాజు వంగి వాసన చూశాడు.

"పెట్రోలు కంపు మావా. బయటికి కారడం లేదు. లోపలికే పోతన్నాయి."

ప్లగ్గులు విప్పి బానెట్టు అంచున వరసగా పెట్టారు. అన్నీ మసిపట్టి ఉన్నాయి, మూడోది తప్ప. అది మాత్రం తోమిన చెంచాలా మెరుస్తోంది. ఆ ప్లగ్గున్న సిలిండరులోకి రోజూ నీళ్లు దిగి, ఆవిరై, దాన్ని కడుగుతున్నాయి.

మధ్యాహ్నానికి ఇంజను పైభాగం, హెడ్డు, విప్పారు. హెడ్డుకీ కింది భాగానికీ నడుమ ఉండే రాగిరేకు గాస్కెట్టు, నీళ్ల రంధ్రానికీ మూడో సిలిండరుకీ మధ్య కాలిపోయి తెగి ఉంది. అప్పలసూరి దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"సంబరపడకు," అన్నాడు పోతురాజు. "ఇంజను ఏడెక్కితే గదా ఇది కాలింది. ఏడెందుకెక్కిందీ అంటే, మీ నరసింగరావు బాబు నువ్వు నీళ్లు సూడలేదనే అంటాడు."

నిజమే. అప్పలసూరి సైకిలు చువ్వ తీసి రేడియేటరు గొట్టాల్లో పొడిచాడు. చువ్వ సగం దిగి ఆగిపోయింది. లాగితే కొసకు పచ్చటి బురద. గాస్కెట్టు రంధ్రాల అంచులకూ అదే పేరుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు.

మజ్జిగ చెంబుతో వచ్చిన తాతమ్మ, నరసింగరావు తల్లి, ఆ వేళ్లు చూసి మెల్లగా నవ్వింది.

"అది నానేసిందే సూరీ."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయేడు పాలకొండ నుంచి వస్తంటే రేడియేటరు సిల్లి పడి కారింది గదా. ఎవులింట్లోనో సిటికెడు పసుపు అడిగి ఏసి ఆపినావు. అప్పటినుంచి సుక్కురారం పూజయ్యాక దీనికీ గుప్పెడేస్తన్నాను. నీకు సెప్తే, నీ పనిలో సెయ్యెట్టినానని నొచ్చుకుంటావని సెప్పలేదు."

చిల్లిని మూసే చిటికెడు పసుపు అన్ని గొట్టాలనూ మూసేస్తుందని ఆమెకు ఎవరు చెబుతారు? దారిలో పసుపు వేయడం డ్రైవర్లందరికీ తెలిసినదే. ఇల్లు చేరగానే దాన్ని కడిగేయాలన్నది కూడా వాళ్లకు తెలుసు. ఆమె చూసింది మొదటిది మాత్రమే. తుప్పు రంగు నీళ్లలో కలిసిన ఆ పసుపు, రోజూ వేలు పెట్టి చూసే అతనికీ పట్టుబడలేదు. అప్పలసూరికి కోపం గొంతుదాకా వచ్చి, ఆ ముడతల ముఖం చూసి ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది. ఆమె చేతిలోంచి చెంబు అందుకుని తాగాడు. ఉప్పూ నిమ్మాకూ వేసి చల్లగా ఉంది మజ్జిగ.

"మంచికే ఏసినారు అమ్మగారూ," అన్నాడు.

పొద్దువాలుతుండగా నరసింగరావు వచ్చాడు. అప్పలసూరి గాస్కెట్టు చూపించాడు. పసుపు మాట ఎత్తలేదు. తాతమ్మే ముందుకు వచ్చి చెప్పింది.

"ఆడి తప్పు లేదురా. పసుపేసింది నాను."

నరసింగరావు తల్లిని ఎగాదిగా చూశాడు. "ముసల్దానికి నేర్పినోడెవడు? ఈడు గాదేటి?"

"ఆ మాట సరే బాబూ," అన్నాడు అప్పలసూరి. "నన్ను ఉంచినా తీసేసినా మీ ఇష్టం. నీళ్లు సూడలేదన్నారు. టీకొట్టు కాడ అన్నమాట, టీకొట్టు కాడే కాదని సెప్పండి. అంతే."

"నీకోసం నాను టీకొట్టు కాడికెల్లి నిలబడాలేటి?" నరసింగరావు నవ్వాడు. "నిన్న రాత్రే బొబ్బిలి డ్రైవరు కుర్రోడితో మాటాడీసినాను. రేపు పొద్దున్న వస్తాడు. తాళం అక్కడెట్టి ఎల్లు."

నిన్న రాత్రే. అంటే ఈ పగలంతా, ఈ బూడిదా, విప్పిన ఈ ఇంజనూ, ముందే తేలిపోయిన దానికోసం. పోతురాజు చేతిలోని స్పానరును చప్పుడయ్యేలా సంచిలోకి విసిరాడు. నరసింగరావు అప్పటికే ఇంట్లోకి నడిచాడు; తాతమ్మ కొడుకు వెనకే పోయింది.

అప్పలసూరి తాళం ప్లగ్గుల పక్కన పెట్టాడు. గాస్కెట్టు మాత్రం వదలలేదు.

"అలాగే తీసుకెల్లు," అన్నాడు పోతురాజు లోగొంతుకతో. "ఆ పసుపుతోనే సూపించు. ఎవుల్దో తప్పు, ఊరికి తెలుస్తాది."

అప్పలసూరి నూతి దగ్గర కూర్చున్నాడు. కొబ్బరిపీచుతో ఒక్కొక్క రంధ్రాన్నీ తోమి, పసుపంతా పోయేదాకా కడిగాడు. రేపు లారీలవాళ్లు నవ్వుకోవడానికి ఒక ముసలామె పేరు వాళ్లకు అక్కర్లేదు. కాలిన చోటు చాలు. తెలిసినవాడు దాన్ని చూసి, నీళ్లు ఎటు పోయాయో చదువుకుంటాడు. వేడెందుకెక్కిందని అడిగేవాడు అడుగుతూనే ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే టీకొట్టుకు నడిచాడు. అరుగు ఎక్కి, లారీలవాళ్లు తువ్వాళ్లు వేసుకునే గుంజ మేకుకు గాస్కెట్టు తగిలించి, పెళ్లి చేసి పంపిన కూతురి ఊరికి పోయే బస్సు ఎక్కాడు. ఒక లారీ డ్రైవరు గ్లాసు కింద పెట్టి దాని దగ్గరికి నడిచాడు. తెగిన చోట వేలుపెట్టి తడిమాడు. వెనక్కి తిరిగి ఏదో అన్నాడు; బస్సు హోరులో అప్పలసూరికి వినపడలేదు.

బస్సు కదిలింది. టీకొట్టు గుంజమీద గాస్కెట్టు గాలికి నెమ్మదిగా తిరుగుతోంది. దానిలోని గుండ్రటి ఖాళీల్లోంచి టీ ఆవిరి పోతూ వస్తూ ఉంది.