మూత మీద టెలిఫోను

నేను ఒక కాళ్ళ హార్మోనియాన్ని. కాలితో తొక్కుతూ రెండు చేతులా వాయించే రకం. ఇప్పుడు కాకినాడ సముద్రపు ఒడ్డున ఒక హోటలు ముందుగదిలో, ఎర్రతాడు కట్టిన ఇత్తడి గుంజల వెనక నిలబడి ఉన్నాను. ముచ్చటపడి నాతో ఫోటో దిగబోయే ముందు కాస్త ఆగి నా మాట వినండి. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నన్ను చేసింది రాజమండ్రిలో మస్తాన్ సాహెబు. టేకుచెక్క, మేకతోలు తిత్తులు, ఓడ మీద వచ్చిన ఇత్తడి రీడ్లు. ఒక్కొక్క రీడును చెవి దగ్గర పెట్టుకుని, పసిపిల్ల ఊపిరి విన్నట్టు విని, అప్పుడు బిగించాడు. ఊరూరా తిరిగే ఒక నాటక సమాజం వాళ్ళు నన్ను కొనుక్కుపోయి జోగారావు మాస్టారి చేతికి అప్పగించారు. వేదిక కింద, జనానికి వీపు పెట్టి కూర్చునే ఆ మనిషితో నేను ఎన్ని ఊళ్ళు తిరిగానో! రాజ్యాలు దానం చేసే మహారాజులు తెర వెనక ఉప్మాలో జీడిపప్పు కోసం తగువులాడుకోవడం చూశాను. శ్రుతి తప్పిన ప్రతి దేవుడూ దిగివచ్చి, "పెట్టెలో ఏదో తేడా ఉంది మాస్టారూ" అని నా మీద నెట్టేవాడు. అప్పట్లో నవ్వుకునేదాన్ని. నవ్వు పోగొట్టిన సంగతి వేరే ఉంది.

విజయనగరం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు తాయారు. సన్నగా, నల్లగా, చెవులకు గాజు పూసలు. సమాజం యజమాని పెదవి విరిచాడు. "రాణి వేషానికి ఈ పిల్లా?" అన్నాడు. ఆమె జోగారావు వైపు తిరిగి, "ఐదున్నర శ్రుతి పట్టండి మాస్టారూ" అంది. పద్యం ఎత్తుకుంది. చివరి పాదం మీద రాగం తీస్తూ పైకి, ఇంకా పైకి వెళ్ళి, అక్కడ ఆగి, తొందరేమీ లేనట్టు చుట్టూ చూసి మరీ దిగింది. జోగారావు కాళ్ళు తొక్కడం మరిచిపోయాయి. నా ఊపిరి ఆగిపోయినా ఆమె ఊపిరి ఆగలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి తాయారమ్మ పేరు గోడ మీద కనిపిస్తే చాలు, జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. "వన్స్ మోర్!" అని పందిరి అదిరేలా అరిచేవారు. ఆమె మళ్ళీ పాడేది. ఏనాడూ మొదట పాడినట్టు మాత్రం పాడేది కాదు.

అలా వచ్చినవాళ్ళలో ఒకడు పడాల వెంకటరాయుడు. కాకినాడలో బియ్యం మిల్లులూ, రేవులో లాంచీలూ, మూడు సినిమా హాళ్ళూ ఆయనవే. భార్య పోయిన మనిషి. ఆయన కోసం ముందు వరసలో సోఫా వేసేవారు. ఉన్నమాట చెప్పాలి, ఆయనకు వినడం వచ్చు. కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడ సంగతి పడిందో అక్కడే తల ఊపేవాడు. నా కోపమంతా అందుకే. పాట తెలియని మొద్దు అయితే ఏనాడో క్షమించేసేదాన్ని. ఏం పాడుచేస్తున్నాడో తెలిసే చేశాడు.

ఆ ప్రేమకథ కోస్తా అంతా పాకిపోయింది. పత్రికల్లో ఇద్దరి ఫోటోలు. మంగలి దుకాణాల్లో ఇద్దరి కబుర్లు. చివరికి జనం వేదిక కన్నా ముందు సోఫా వైపు చూడటం మొదలుపెట్టారు. ఒకరోజు ఆయన మేకప్పు గదిలోకి వచ్చి, "ఈ దుమ్ములో ఎన్నాళ్ళు తిరుగుతావు తాయారూ? అన్నవరం కొండ మీద పెళ్ళి చేసుకుందాం. నా ఇంట్లో మహారాణిలా ఉందువు గాని, వచ్చెయ్" అన్నాడు.

జోగారావు భయపడ్డాడు. "పాట మానకు అమ్మాయ్" అన్నాడు.

"మానడమెందుకు మాస్టారూ? ఆయన వచ్చిందే పాట కోసం కదా!" అని ఆమె నవ్వింది.

ఆమె వెళ్ళేటప్పుడు సమాజం వాళ్ళు నన్ను కానుకగా ఇచ్చారు. అలా నేనూ, నా వెనకే జోగారావూ సముద్రం కనిపించే ఆ మేడకు చేరాం.

మొదట్లో బాగానే ఉంది. పొద్దున్నే సాధన. రాయుడు కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. తరవాత ఆఫీసర్లు, మంత్రులు భోజనాలకు రావడం మొదలైంది. "ఏదీ తాయారూ, ఆ పద్యం ఒకసారి అందుకో" అనేవాడు, పచ్చడి వడ్డించమన్నట్టు. వాళ్ళు చేపముల్లు ఏరుకుంటూ వినేవారు. పందిళ్ళను అదరగొట్టిన గొంతు, వాళ్ళు చేతులు కడుక్కునే చప్పుడులో కలిసిపోయేది. కొన్నాళ్ళకు పొద్దుటి సాధన వల్ల నిద్ర చెడుతోందన్నాడు. జోగారావును పంపించేశారు. ఆయన వెళుతూ నా మూత దించి, దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

పెళ్ళి మాత్రం జరగలేదు. ఒకసారి ఎన్నికలన్నాడు, ఇంకోసారి కొత్త మిల్లు అన్నాడు, ఆ పైన తల్లి పోయిన ఏటిసూతకం అన్నాడు. మేడకు టెలిఫోను వచ్చింది. పెట్టడానికి ఎత్తు సరిపోయిందని దాన్ని తెచ్చి నా మూత మీద పెట్టారు. కింద లేసు గుడ్డ ఒకటి! తాయారమ్మ చూసింది. గుడ్డ ముడత సరిచేసి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆ టెలిఫోను మోగింది. ఆమే తీసింది. అవతల బట్టల కొట్టు గుమాస్తా. గొంతు నా చెక్కకు కూడా వినిపించింది.

"ఆయ్, అమ్మగారండీ, పెళ్ళికూతురి గారి పట్టుచీరలు వచ్చేశాయండి. జాకెట్ల కొలతలు కోటకు వెళ్ళి తెచ్చుకోమంటారా, మీరే పంపిస్తారాండీ?"

"ఎవరి పెళ్ళికూతురు?" అంది తాయారమ్మ.

"అదేటండీ! మన రాయుడుగారికి కాబోయే అమ్మగారండీ. జమీందారుగారి మనవరాలు..." అంటూ గుమాస్తా ఆగిపోయాడు. తను ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు అర్థమైంది కాబోలు, ఫోను పెట్టేశాడు.

సాయంత్రం రాయుడు వచ్చేదాకా ఆమె నా పక్కన స్టూలు మీదే కూర్చుంది. ఆయన తడబడనైనా లేదు.

"వాళ్ళది పెద్ద వంశం తాయారూ. రేపు ఢిల్లీలో నాకు పనులున్నాయి. ఇందులో నీకొచ్చిన లోటేవిటి? నీ గది నీదే. పెళ్ళిలో నీ కచేరీ కూడా అనుకున్నాను. నువ్వు పాడితే నోళ్ళన్నీ మూతపడతాయి."

తాయారమ్మ లేచింది. టెలిఫోనును రెండు చేతులతో ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇది మీది. పెట్టె నాది. రేపు బండి తెప్పిస్తాను" అంది.

రాజమండ్రిలో జోగారావు ఇంటి పక్కనే రెండు గదులు అద్దెకు తీసుకుంది. నా మూత తీసి పద్యం ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. జోగారావు తల దించుకుని వాయిస్తూ పోయాడు. నెలల తరబడి అదే పని.

తిరిగి వేషం కట్టిన రోజు పందిరి క్రిక్కిరిసింది. పాట కోసం కాదు, రాయుడు వదిలేసిన మనిషి ఎలా ఉందో చూద్దామని వచ్చారు. పుణ్యాత్ములు! మొదటి పద్యంలోనే పై షడ్జం దగ్గర ఆమె గొంతు చిరిగిపోయింది. వెనక నుంచి ఎవడో, "పాట కూడా రాయుడే మింగేశాడ్రోయ్!" అని అరిచాడు. పందిరంతా నవ్వు. నాకు రీడ్లన్నీ ఒక్కసారి మోగించి వాళ్ళ చెవులు పగలగొట్టాలనిపించింది.

తాయారమ్మ వేదిక అంచుకు వచ్చింది. రాణి కిరీటంతోనే మా వైపు వంగి, అందరికీ వినపడేలా అంది. "మాస్టారూ, ఐదున్నర ఇక నాకు లేదు. నాలుగు పట్టండి."

మొదటి నుంచి మళ్ళీ పాడింది. పాత గొంతు కాదు. మందంగా, లోతుగా, ఎక్కడో నేల కింద నీళ్ళు నడుస్తున్నట్టు. కొందరు లేచిపోయారు. పోనీ. మిగిలినవాళ్ళు కదల్లేదు. ఆ నాలుగు శ్రుతిలోనే ఆమె ఆ తరవాత కొన్ని వందల నాటకాలు ఆడింది.

పెళ్ళయిన మూడో ఏడు రాయుడు ఆ రెండు గదుల గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు నెరిసింది. తరుముతుందనుకున్నాను. కుర్చీ వేసింది! కాఫీ ఇచ్చింది! కాసేపటికి ఆయన నా వైపు చూసి, "ఒక్కటి పాడు తాయారూ" అన్నాడు.

"కాఫీ చల్లారిపోతోంది రాయుడుగారూ, తాగండి."

ఆ తరవాత వస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ కాఫీ తాగాడు. ప్రతిసారీ అడిగాడు. ఆమె ప్రతిసారీ మాట మార్చింది. జోగారావు ఉండబట్టలేక, "ఎందుకు రానిస్తావమ్మా అతణ్ణి?" అన్నాడు.

"ఇష్టం మాస్టారూ. ఏం చెయ్యను, పోదు. మనిషి వస్తే కాఫీ ఇస్తాను. పాట మాత్రం ఇవ్వను."

రాయుడు పోయినప్పుడు కాకినాడ వెళ్ళింది. గేటు దగ్గర ఎవరో అడ్డం నిలబడి, "లోపల ఇంటి ఆడవాళ్ళు ఉన్నారండి, తమరు వెళ్ళండి" అన్నారట. రోడ్డు మీద జనంలో నిలబడి శవయాత్ర చూసి వచ్చింది. ఆ వారం అమలాపురంలో ఒప్పుకున్న నాటకం మానలేదు. ఇంకో పదేళ్ళు పాడి, ఆ రెండు గదుల్లోనే కన్నుమూసింది. మర్నాడు పత్రికల్లో ఏం వేశారో తెలుసా? "రాయుడుగారి ప్రేయసి ఇక లేరు" అని.

రాయుడి మనవడు మేడను హోటలు చేశాడు. ఎక్కడెక్కడో వెతికించి నన్ను తెప్పించాడు. పిల్లలు నొక్కకుండా నా మెట్లన్నీ జిగురుతో అంటించేశారు. నా నెత్తిన ఇద్దరి ఫోటో. కాళ్ళ దగ్గర ఇత్తడి పలక. "శ్రీ పడాల వెంకటరాయుడుగారు తమ ప్రియసఖికి బహూకరించిన హార్మోనియం." వచ్చినవాళ్ళకు హోటలు గుమాస్తా వివరంగా చెబుతాడు. "ప్రతిరోజూ ఆయన కోసమే దీని మీద పాడేవారండీ." కొత్తగా పెళ్ళైనవాళ్ళు నిట్టూర్చి, చెయ్యి చెయ్యి పట్టుకుని ఫోటో దిగుతారు. ఏం పాడేదని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

అబద్ధం. ఆయన నన్ను ఇవ్వలేదు. ఆమె నన్ను ఆయన కోసం అట్టిపెట్టుకోలేదు. ఆ పలక మీద ఆయన పేరు ఇంటిపేరుతో సహా ఉంది, ఆమె పేరే లేదు. నాకు మెట్లు కదలవు కాబట్టి మీరైనా పైకి అనండి. ఆవిడ పేరు గమిడి తాయారమ్మ. విజయనగరం మనిషి. పాడేది.