పంజరంలో పడ్డ మాత్ర

మత్తు డాక్టరుకు ఓపిక ఉండాలంటారు. నాకు లేదు. వార్డు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. లోపల ఒక అత్తగారు కోడలి మంచం పక్కనుంచి అంగుళం కదలడం లేదు.

పొద్దున ఆ అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్. రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా అని ముందే అడిగితే, అత్తగారి వైపు ఓరకంట చూసి లేవంది. నమ్మాను. అంతా అయ్యాక, తెలివి వస్తుండగా నా చెయ్యి పట్టుకుని గొణిగింది.

"పిల్లలు పుట్టకుండా మాత్ర... ఇవాళ వేసుకోలేదు. అత్తయ్యకు చెప్పకండి. వచ్చే నెల క్రేన్ ట్రైనింగ్. కడుపుతో ఉంటే ఎక్కనివ్వరు."

అప్పటికే పంజరం మందు ఎక్కించేశాను.

ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఒక మందిస్తాం. దాంతో ఊపిరి తీసే కండరాలూ పడకేస్తాయి. చివర్లో ఇచ్చే రెండో మందు అణువు మధ్యలో బోలుగా, చిన్న పంజరంలా ఉంటుంది. మొదటి మందు అణువును లోపలికి లాక్కుని ఇక వదలదు. మనిషికి ఊపిరి తిరిగొస్తుంది. ఎవరిని పడితే వాళ్లను అది రానివ్వదు, ఒడ్డూ పొడుగూ సరిపోవాలి. చిక్కల్లా, ఈ అమ్మాయి మాత్రలోని హార్మోనుది కూడా ఇంచుమించు అదే ఆకారం. కొంత అదీ లోపల పడుతుంది. వారం పాటు ఆ మాత్రనొక్కదాన్నే నమ్ముకోవడానికి లేదు.

సాయంత్రం ఇంటికి పంపేస్తారు. ఫోన్ చేద్దామంటే ఆమె ఫోను అత్తగారి సంచిలో ఉంది. బాత్రూముకు నేను నడిపిస్తానంటే ఆవిడే రెక్క పట్టుకుని బయల్దేరింది. నేనూ వెనకే నడిచాను.

"కిందికెళ్లి టీ తాగి రండమ్మా."

"తాగితే నిద్ర పట్టదమ్మా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. కోడలు దుప్పటి అంచు నలుపుతూ బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. ఇక లాభం లేదని గోడకేసి చూస్తూ అనేశాను.

"ఆడవాళ్లందరికీ చెప్పే మాటే. ఇవాళ ఇచ్చిన మందు వల్ల కొన్ని మాత్రలు వారం దాకా సరిగా పనిచెయ్యవు."

"ఏ మాత్రలు?" అంది అత్తగారు.

నేను కేస్ షీటు తిరగెయ్యసాగాను. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అత్తగారు సంచిలో చెయ్యి పెట్టి ఒక మాత్రల అట్ట తీసింది.

"ఇవేనా? హడావిడిలో ఇంట్లో దిండు కింద వదిలేసింది. ఎవరూ లేనప్పుడు చేతిలో పెడదామని పొద్దుట్నుంచీ చూస్తున్నా. మీరేమో గుమ్మం వదలరు!"

కోడలు కుట్లు పట్టుకుని ఏడ్చేసింది.

"ఎందుకే ఏడుపు? ఈ వారం నా గదిలో పడుకో. మీ ఆయనకి నేను చెప్తాలే. ముందు ఆ క్రేనెక్కు."