ముప్పై అయిదో దెబ్బ

రోజూ పదకొండింటికి బెరిల్ టిఫిన్ డబ్బా పట్టుకుని చర్చి వెనక హాలుకి వస్తుంది. కోటు విప్పకుండానే వేదిక ఎక్కి, డ్రమ్ముల వెనక కూర్చున్న మొగుడి నోట్లో శాండ్‌విచ్ ముక్క పెడుతుంది. లెన్ చేతులు ఆడుతూనే ఉంటాయి, టీ కూడా ఆవిడే తాగిస్తుంది. తర్వాత ఆర్గన్ ముందున్న గాడ్‌ఫ్రేకి ఇంకో ముక్క పెడుతుంది. కాంటర్‌బరీలో ఏడేళ్లుగా ఇదే తంతు. ఆ పాట మొదలై ఏడేళ్లయింది మరి.

డెబ్బై రెండు అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టారు. రెండొందల మంది కుర్రకారు పొడుగు కోట్లు వేసుకొచ్చి నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. ఇరవై నిమిషాలైనా లేనిది పాటే కాదనుకునే రోజులవి. చివరి భాగంలో గాడ్‌ఫ్రే తొమ్మిది దెబ్బలకోసారి, లెన్ పన్నెండు దెబ్బలకోసారి తిరిగి మొదటికి రావాలి. ముప్పై ఆరు దెబ్బలు తిరిగేసరికి ఇద్దరూ ఒకేసారి మొదటికొస్తారు. ఆ కలిసినచోటే పాట ఆపాలి. ఈ లెక్క కుదరడానికి ఎనిమిది నెలలు తలలు బద్దలు కొట్టుకున్నారు.

లెన్ ముప్పై అయిదో దెబ్బ మింగేశాడు.

ఒక్కటి తగ్గితే చాలు, ఆ రెండు లెక్కలూ ఎన్నేళ్లు తిప్పినా కలవవు. కలవందే ఆపకూడదన్నది వాళ్ళు ముందే పెట్టుకున్న నియమం. కాబట్టి ఆపలేదు. బాస్ గిటారు వాయించే మాల్కమ్ మాత్రం నాలుగో ఏట "ఇక నా వల్ల కాదు బాబూ" అని గిటారు కిందపెట్టి, లండన్ వెళ్ళి బీమా ఆఫీసులో చేరాడు. ఊరు పాటకి అలవాటు పడింది. పోస్టుమాను తెలియకుండానే తొమ్మిది అడుగులకోసారి ఆగుతాడు. పాదిరి గొంతు పెంచి ప్రసంగిస్తాడు. ఆడవాళ్ళ కుట్టుపని సంఘం పక్కగదిలోకి మారింది. కుర్రకారు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ తమ్ముళ్ళు ఇప్పుడు చొక్కాలకి పిన్నీసులు గుచ్చుకుని, రెండు నిమిషాల్లో అయిపోయే పాటలకి గెంతుతున్నారు. దారిన పోతూ హాలు తలుపు సందులోంచి "ముసలాళ్ళూ, ఇంకా అవలేదా?" అని అరిచి పోతారు.

లెక్క తప్పిన డ్రమ్మరని పత్రికలు లెన్‌ని ఏకిపారేశాయి. అతను నోరెత్తలేదు. చెయ్యి జారలేదని అతనొక్కడికే తెలుసు. ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు డాక్టరు గాడ్‌ఫ్రే నెత్తురు పరీక్ష చేసి, క్రిస్మస్ చూడడన్నాడు. ముప్పై అయిదో దెబ్బ దగ్గర లెన్ తలెత్తి, మీటల మీద ఒంగిన స్నేహితుడి మెడ చూశాడు. సన్నని పిల్లాడి మెడ. ఇది అయిపోకూడదనుకున్నాడు, అంతే. అప్పట్నించి డాక్టరు నెలకోసారి వస్తాడు. గాడ్‌ఫ్రే చొక్కా ఎత్తి గొట్టం పెట్టి చూస్తాడు. "జబ్బు ఉన్నచోటే ఉంది. వాయించమనండి" అని వెళ్ళిపోతాడు.

ఆ గురువారం బెరిల్ డబ్బా మూత తియ్యలేదు.

"శనివారం రెండూ నలభై బండికి నేనూ మన టెస్సా పోతున్నాం. లీడ్స్‌లో మా అక్క దగ్గరికి."

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకేమిటి? పోతున్నామంటే పోతున్నామనే. దానికి పదకొండేళ్లు లెన్. నువ్వు నిలబడితే ఎంత పొడుగుంటావో దానికి గుర్తులేదు. నిన్న అడిగింది నన్ను."

"గాడ్‌ఫ్రే…"

"తెలుసు. ఆయన కోసమేగా ఏడేళ్లు వండి మోశాను." బెరిల్ కళ్ళు తుడుచుకుంది. "రాగలిగితే స్టేషనుకి రా. రాకపోతే మళ్ళీ నా మొహం చూడొద్దు."

రెండు రోజులు లెన్ ముద్ద ముట్టలేదు. ఒక్క దెబ్బ అదనంగా కొడితే పాట ముగుస్తుంది, కూతురు దక్కుతుంది, గాడ్‌ఫ్రే పోతాడు. చెయ్యి అందుకు ఒప్పుకోలేదు. శనివారం గోడ గడియారంలో రెండున్నర అయింది. ఇంక వెళ్ళలేనని తేల్చేసుకుని ఏడుస్తూ వాయిస్తున్నాడు.

"ఒరే లెన్," అన్నాడు గాడ్‌ఫ్రే వెనక్కి తిరక్కుండానే. "ఆవేళ ఒకటి మింగావు కదూ?"

"చెయ్యి జారింది."

"జారింది, నా మొహం! మొదటిరోజే తెలుసు నాకు. జబ్బు నెత్తురుకి గానీ చెవులకి కాదు."

"మరి చెప్పలేదేంరా?"

"బతకాలని ఉండేది. రెండేళ్లు. ఆ తర్వాత నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు." అతని వేళ్ళు ఆగలేదు. "జబ్బు ఉన్నచోటే ఉందంటాడు ఆ డాక్టరు. నొప్పి కూడా ఉన్నచోటే ఉందిరా. ఆ ఆదివారం ఎంత ఉందో అంతా, రోజూ."

లెన్ ఏడేళ్లుగా స్నేహితుణ్ణి కాపాడుతున్నాననుకున్నాడు.

"నేనూ ఇప్పుడే ఒకటి మింగాను," అన్నాడు గాడ్‌ఫ్రే. "లెక్క కుదిరింది. ఇదుగో, ఒకటి. మళ్ళీ నీ వెధవ తెలివి చూపించకు. ఆపి, పరుగెత్తు. పిల్ల ఎదురుచూస్తూంటుంది."

లెన్ లెక్కపెట్టాడు. ఇరవై. ముప్పై. ముప్పై నాలుగు. ముప్పై అయిదో దెబ్బ దగ్గర కర్ర ఎత్తి ఆ మెడ వైపే చూశాడు. గాడ్‌ఫ్రే తిరిగి చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. లెన్ కొట్టాడు. ముప్పై ఆరూ కొట్టాడు. ఇద్దరూ ఒక్కసారే మొదటికొచ్చారు.

గాడ్‌ఫ్రే మీటల మీదికి ఒరిగిపోయాడు. పదివేళ్ళూ కింద నొక్కుకుపోయి ఆర్గన్ ఒకటే అరుపు అరుస్తోంది. అది అలా అరుస్తుండగా అతన్ని వదిలిపోవడం లెన్‌కి చేతకాలేదు. లేవబోతే కాళ్ళు నిలవలేదు. పాక్కుంటూ వెళ్ళాడు. ఏడేళ్లు కర్రలు పట్టిన పిడికిళ్ళు తెరుచుకోవడం లేదు. కర్రలు పళ్ళతో లాగి పారేశాడు. వంకరపోయిన ఆ చేతులతోనే స్నేహితుడి వేళ్ళు ఒక్కొక్కటే మీటల మీంచి ఎత్తాడు. ఒక్కో వేలికీ ఒక్కో స్వరం తగ్గుతూ వచ్చింది. అన్నిటికంటే చివర చిటికెనవేలు లేచింది.

పాట ఆగింది. కుట్టుపని గదిలో ఆడవాళ్ళు సూదులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ హాల్లోంచి స్టేషను వినబడుతుందన్న సంగతి లెన్ ఎప్పుడో మరిచిపోయాడు. రెండూ నలభై బండి కూతపెట్టి కదిలింది. పట్టాల అతుకుల మీద చక్రాల దెబ్బలు అతను లెక్కపెట్టాడు. పన్నెండు దాకా వినిపించాయి.