తిరిగిపోయే దారి

నేను ఒక కారు ఇంజను కంప్యూటర్ని. కంప్యూటర్ అనగానే తెర, మీటలు ఊహించుకోకండి. పేరు గొప్ప ఊరు దిబ్బ. చూడబోతే తమలపాకుల పెట్టె అంత రేకు డబ్బాను. ముందు సీటులో ఎడమపక్క కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు ఎదురుగా, డ్యాష్‌బోర్డు కింద నా కాపురం. ఇంజనుకు ఎంత డీజిలు ఎప్పుడు చిమ్మాలో క్షణక్షణం చెప్పేది నేనే. బండికి మెదడు అంటారు నన్ను. మెదడు పెట్టారు గానీ నోరు పెట్టలేదు మహానుభావులు. ఎక్కడ నొప్పెట్టినా ఒక పసుపుపచ్చ దీపం వెలిగించగలను, అంతే. అది చూసి మనుషులు ఏం అర్థం చేసుకుంటే అదే నా మాట.

చెన్నై పక్కన ఒక కార్ఖానాలో పుట్టాను. మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నా ఒంట్లో సన్నని తీగలు అతికారు. ఎండలో, చలిలో, కుదుపుల్లో పెట్టి చూసి, దేనికైనా తట్టుకుంటుందని ముద్ర వేశారు. భక్తికి తట్టుకుంటుందా అని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. నా మొదటి యజమాని విశాఖలో ఒక లెక్చరరు. ఆదివారం బండి కడిగేవాడు, సోమవారం గుడ్డ కప్పేవాడు. బండి ఉన్నది తిరగడానికని ఆయనకు తట్టకముందే రిటైరై, మమ్మల్ని అమ్మేశాడు.

కొన్నవాడు ఢిల్లేశ్వరరావు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య అతని ఊరు. బండిని టాక్సీగా తిప్పాడు. పెళ్ళిళ్ళకూ ఆస్పత్రులకూ ఊరివాళ్ళందరినీ తిప్పి తిప్పి, చివరికి తన ఇంటి మనిషినే తిప్పవలసి వచ్చింది. భార్య దమయంతికి కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఒంట్లో చేరిన నీరు దానంతట అది బయటికి పోదు, మిషను లాగాలి. ఒక్క విడత తప్పితే కాళ్ళు వాచి, ఆయాసంతో నడుం వాల్చలేక కూర్చునే ఉంటుంది మనిషి. అందుచేత ఆ రెండు రోజులూ నేను ఆగకూడదు. మిగతా రోజుల్లో ఆగితే తిట్లు తప్పితే పోయేదేమీ లేదు.

అతనికొక అలవాటు. పలాస బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు ఇంజను మీద పోసేవాడు. అందరూ చక్రం దగ్గర కొట్టి వదిలేస్తారు. ఇతనికి అలా మనసొప్పలేదు. కొబ్బరినీళ్ళంటే ప్రాణం పెట్టే దమయంతిని, అవి తాగితే గుండెకే ముప్పని డాక్టరు మానిపించాడు. కాయ కొట్టినప్పుడల్లా ఆమె అటే చూసేది.

"నువ్వు తాగకూడదన్నారు గదే. నీ వంతు బండికి పోస్తన్నాను. నీ బదులు ఇది తాగి నిన్ను మోస్తాది," అనేవాడు.

కరెంటు గురించి ఒక్క ముక్క చెప్పనివ్వండి. బ్యాటరీ నుంచి నా దగ్గరికి వచ్చిన కరెంటు పని చూసుకుని మళ్ళీ బ్యాటరీకే పోవాలి. వచ్చిన చుట్టం పోవడానికి దారి ఉండాలి కదా. ఆ దారిని ఎర్తు అంటారు. నా దగ్గర బయల్దేరిన నల్లతీగను బ్యాటరీ పక్కన బండి రేకుకు ఒక బోల్టుతో బిగించారు. పోసిన నీళ్ళు జారి చేరేది సరిగ్గా ఆ బోల్టు మీదికే. పడి పడి, ఎండి ఎండి, దానికి చిలుము పట్టింది. దమయంతికి ఆయాసం ఎక్కువైన వారం అతని భయమూ ఎక్కువయ్యేది, ఒక కాయకు రెండు కొట్టేవాడు. నాకు ఊపిరాడేది కాదు. వద్దు నాయనా అని దీపం వెలిగించేదాన్ని. అతను దానికీ దండం పెట్టుకునేవాడు.

ఒక మంగళవారం ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. నాకు కరెంటు అందించే రిలే అనే చిన్న స్విచ్చు టకటకమని కొట్టుకుంది. దమయంతి బస్సులో నిలబడి వెళ్ళింది. పలాస రోడ్డులో షెడ్డు ఉన్న మెకానిక్కు పురుషోత్తం మోటారుసైకిలు మీద వచ్చాడు. పనిమంతుడే, కాకపోతే తొందర మనిషి. టెస్టు బల్బు క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు తగిలించి, దాని సూదితో నా తీగలు ఒక్కొక్కటే పొడిచాడు. ఫ్యూజు దగ్గర బల్బు వెలిగింది. రిలే దగ్గర వెలిగింది. నా గుమ్మం దాకా వెలుగుతూనే ఉంది. వెలగక ఏం చేస్తుంది? వచ్చే దారి బాగానే ఉంది. ఆ బల్బు తన కరెంటును నేరుగా బ్యాటరీకి పంపేసుకుంటోంది, నా పోయే దారితో దానికి పనే లేదు. ఆ క్లిప్పు తీసి ఒక్కసారి నా నల్లతీగకు పెట్టు బాబూ అని నాలో నేను మొత్తుకున్నాను. మనుషులింతే. వచ్చిందా అని చూస్తారు గానీ పోయిందా అని చూడరు.

"కరెంటు పెట్టె దాకా వస్తంది అన్నా. పెట్టే పలకట్లేదు. కంప్యూటర్ పోయింది."

"పోయిందంటే?"

"పోయిందంటే పోయిందే."

విశాఖ నుంచి నా జాతిదే మరో పాత పెట్టెను తెప్పించి, దానికి ఈ బండి తాళం గుర్తు నేర్పించి, నా చోట కూర్చోబెట్టారు. ఆ హడావిడిలో తీగలు కదిలి బోల్టు దగ్గర చిలుము కాస్త రాలింది. బండి టక్కున అందుకుంది. "సెప్పానా!" అన్నాడు పురుషోత్తం. నన్ను కూరగాయల సంచీలో చుట్టి డిక్కీలో జాకీ పక్కన పడేశారు. బతికుండగానే నాకు దినం పెట్టేశారు. కొత్త పెట్టె వచ్చిన సంబరంలో ఢిల్లేశ్వరరావు ఇంకా పెద్ద కాయ కొట్టాడు.

కొన్నాళ్ళకు ఒక శుక్రవారం, జీడితోటల మధ్య, ఇటు ఊరూ అటు పలాసా కాని చోట బండి ఆగిపోయింది. డిక్కీలోకి వినబడింది, అదే టకటక. అతను "అమ్మా తల్లీ, అమ్మా తల్లీ" అంటూ తాళం తిప్పుతూనే ఉన్నాడు.

"ఊరుకో మావా, బేటరీ కూడా సచ్చిపోద్ది," అంది దమయంతి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందుకుంటూ.

జబ్బేమిటో తెలిసినదాన్ని నేను సంచీలో పడి ఉన్నాను, తెలియనివాళ్ళు ముందు సీట్లో ఏడుస్తున్నారు. ఇలాంటి స్థితి పగవాడికి కూడా వద్దు. చివరికి జీడిపిక్కల బస్తాలు వేసుకొచ్చిన ఒక ట్రాలీ ఆటోలో ఆమెను ఎక్కించాడు. పలాస చేరేసరికి ఆమె వంతు మిషను మీద ఇంకొకరు ఉన్నారు. మర్నాడు చేసేలోగా ఆమె పడిన యాతన గురించి తరవాత అతను పురుషోత్తంతో చెప్తుంటే విన్నాను. రాత్రంతా నడుం వాల్చలేక కూర్చునే ఉందట.

తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చిన బండిని పురుషోత్తం ఈసారి తొందరపడకుండా చూశాడు. డయాలసిస్ అయి వచ్చిన దమయంతి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పురుషోత్తం నన్ను సంచీలోంచి తీసి మళ్ళీ నా చోట తగిలించాడు. అదే జబ్బు.

"రెండు పెట్టెలూ ఒక్కలాగే సావవు అన్నా. పొరపాటు నాదే," అన్నాడు.

కళ్ళుంటే ఆ మాటకు ఏడ్చేదాన్ని. మీటరు తెచ్చి ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస నా నల్లతీగ మీద పెట్టి ఢిల్లేశ్వరరావును తాళం తిప్పమన్నాడు. దారి బాగుంటే అంకె సున్నాను అంటిపెట్టుకుని ఉండాలి. అది అమాంతం పైకి ఎగిరింది. "టీ సెప్పి రా అన్నా, దొరికిపోయింది" అని అతన్ని పంపి, నల్లతీగను తడుముకుంటూ బోల్టు దగ్గరికి చేరాడు.

"వచ్చే దారి బాగానే ఉంది వదినా. పోయే దారే మూసుకుపోయింది."

"అయితే నా జబ్బే బండికీ వచ్చిందన్నమాట," అని నవ్వుతూ లేచి వచ్చింది దమయంతి.

ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి ఆమెది. చిలుమును గోటితో గీకింది. ఆకుపచ్చ పొడితో పాటు సన్నని కొబ్బరిపీచు ఊడి వచ్చింది. నవ్వు పోయింది.

"ఇది ఆ నీళ్ళ వల్లేనేటి బాబూ?"

పురుషోత్తం తలూపాడు. "అన్న రానీ, ఇంజను మీద పొయ్యొద్దని సెప్తాను."

"సెప్పకు." గట్టిగానే అంది. "ఆ కాయ కొట్టడం తప్ప నాకోసం సెయ్యడానికి ఆయన సేతిలో ఇంకేటుంది? నా బెంగతో పోసిన నీళ్ళే నన్ను రోడ్డు మీద కూకోబెట్టాయని తెలిస్తే, ఆ మడిసి మళ్ళీ లెగడు."

"మరేటని సెప్పను?"

"ఎలక కొరికీసిందని సెప్పు."

పురుషోత్తం బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాడు. ఎన్నాళ్ళకో నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. టీలు పట్టుకుని ఢిల్లేశ్వరరావు వచ్చేసరికి ఎలుక సిద్ధంగా ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు. అతను ఉద్దానంలోని ఎలుకలన్నిటినీ వాటి తాతముత్తాతలతో సహా తిట్టాడు. తిడుతుంటే మొహం తేటపడింది. కొత్త పెట్టె ఇప్పుడు డిక్కీలో నా సంచీలో ఉంది. దాని తప్పూ ఏమీ లేదు పాపం.

తరవాతి మంగళవారం అతను బానెట్ ఎత్తబోతే దమయంతి సీట్లోంచి దిగి కాయ అందుకుంది.

"అమ్మోరు కలలో కనబడింది మావా. ఇకనించి కాయ నన్నే కొట్టమంది, చక్రం కాడ."

"సూదులు గుచ్చిన సెయ్యే అది, వొద్దే."

"రెండో సెయ్యి ఉంది కదేటి," అని కొట్టింది.

నీళ్ళు ఇసుకలో పడ్డాయి. రోజుకు ఇన్ని గుక్కలని కొలిచి నీళ్ళు తాగే మనిషి, ఇసుక ఆ నీళ్ళన్నీ తాగేసేదాకా నిలబడి చూసింది. తరవాత వచ్చి కూర్చుంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"సూసావా, అమ్మోరు మనల్ని వొదల్లేదు," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"ఎలా వొదుల్తాది," అంది దమయంతి. ఆమె వాచిన మోకాళ్ళు నాకు తగులుతున్నాయి. పలాస దాకా చేర్చడం నా చేతిలో పని. ఆ తరవాతది నా వల్ల కాదు.